పడమటి గోడ

అనుపమ ఎవరింటికి వెళ్ళినా ముందు మనుషుల్ని చూడదు, గోడల్ని చూస్తుంది. నిశ్చితార్థం నాడు కాబోయే అత్తగారు ఎదురుగా వచ్చి నిలబడితే, ఆవిడ భుజం మీదుగా హాలు మూలనున్న పగులు వైపే చూస్తూ ఉండిపోయిందని ఆ ఇంట్లో ఇప్పటికీ ఆటపట్టిస్తారు. ఏం చేస్తుంది పాపం, ఆమె పనే అది. పాత కట్టడాల్ని బాగుచేసే ఆర్కిటెక్టు. మారేడ్‌పల్లిలో మేడ మీద రెండు గదుల ఆఫీసు. కొత్తవి కట్టించుకునేవాళ్ళకు వీధికి పదిమంది ఆర్కిటెక్టులు దొరుకుతారు. ఉన్నదాన్ని కూలకుండా నిలబెట్టమని అడిగేవాళ్ళు తక్కువ, నిలబెట్టేవాళ్ళు ఇంకా తక్కువ.

ఆమెకు కుడిచెయ్యి బ్రహ్మచారి. అరవై ఆరేళ్ళ మనిషి, కాప్రాలో ఉంటాడు, రాతిపనీ సున్నం పనీ రెండూ తెలిసినవాడు. కరక్కాయ నీళ్ళూ బెల్లం నీళ్ళూ పోసి గానుగలో రుబ్బిన సున్నంతో తప్ప పాత గోడను ముట్టుకోడు. సిమెంటు బస్తా కనబడితే మొహం తిప్పుకుంటాడు. పదిహేనేళ్ళుగా ఇద్దరూ కలిసే పనిచేస్తున్నారు. ఆమె టేపులూ కెమెరాలూ పట్టుకుని తిరుగుతుంటే, ఆయన వేలి కణుపుతో గోడను తట్టి, చెవి ఆనించి వింటాడు.

“గోడ మాట్లాడ్తది బిడ్డా. మనమే జెర నోరు మూస్కోవాలె,” అంటాడు.

రాంగోపాల్‌పేట్ సందులో ఉన్న చిన్న రాతి చర్చికి వాళ్ళిద్దర్నీ పిలిచింది సలోమి టీచర్. ఆవిడది పూర్వం బందరు. తాతల కాలంలోనే సికింద్రాబాద్ వచ్చి స్థిరపడిన కుటుంబం. ముప్పయ్యేళ్ళు బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యాక, సాయంత్రాలు ఆ చర్చి వరండాలోనే పేదపిల్లలకు చదువు చెప్తోంది. చర్చికి నూట పన్నెండేళ్ళు. మనుషులు ఎక్కువయ్యారు, చోటు చాలడం లేదు, ఆదివారం సగంమంది ఎండలో నిలబడుతున్నారు. దీన్ని తీసేసి మూడంతస్తుల హాలు కట్టుకుందామని కమిటీ సెక్రటరీ జ్ఞానశేఖర్ రెండేళ్ళుగా అందరి చెవుల్లో పోరుతున్నాడు. ఆయన మాటలోనూ న్యాయం లేకపోలేదు. సలోమి టీచర్ మాత్రం ఇల్లిల్లూ తిరిగి, సంఘం పెద్దల్ని బతిమాలి, ఒక్క ఏడాది గడువు సంపాదించింది. ఈలోగా బాగుచేయడానికి డబ్బు తెస్తే సరే సరి. లేకపోతే జ్ఞానశేఖర్ మాటే చెల్లుతుంది.

“నువ్వు ఆడపిల్లవైనా నిచ్చెనలెక్కి గోపురాలు బాగుచేస్తావని పేపర్లో చదివానమ్మా. మా గుడిని నీ చేతుల్లో పెడుతున్నా,” అంది మొదటిరోజే. తాళంచెవుల గుత్తి నిజంగానే అనుపమ చేతిలో పెట్టేసింది.

అసలు ఇబ్బంది పడమటి గోడతో. అది వీధి వైపు గోడ. గుమ్మం దానికే, గంట ఉన్నదీ దాని నెత్తినే. దాని మీద ఏడు పగుళ్ళున్నాయి. వాటినే చూపించి జ్ఞానశేఖర్ జనాన్ని బెదరగొడుతుండేవాడు. బ్రహ్మచారి మొదటిరోజు ఆ గోడ దగ్గరికి వెళ్ళాడు. తట్టాడు, విన్నాడు, మళ్ళీ తట్టాడు. తర్వాత చెప్పులు విడిచి రాయి మీద చెయ్యేసి నిలబడ్డాడు.

“ఏమైంది చారిగారూ?” అంది అనుపమ.

“ఇది మా తాత కట్టిండు బిడ్డా. ముత్తయ్యచారి. గీ గోడ లేపినప్పుడు ఇరవై ఏండ్లోడంట. మా నాయన నన్ను ఎత్తుకొని దెచ్చి చూపిచ్చేటోడు, ఇగో గిది మీ తాత అని.” కళ్ళు తుడుచుకుని నవ్వాడు. “మస్తుగున్నది గోడ. పక్కన బాయి పూడ్చిన్రు సూడు, అప్పుడు జెర కదిలింది. సర్దుకొని కూసున్నది. ఇగ లేవది.”

అనుపమ ఊరికే మాట విని నమ్మే రకం కాదు. తన పద్ధతి తనకుంది. ఒక్కో పగులుకు అడ్డంగా సన్నటి గాజు పట్టీని సున్నంతో అతికించి, పక్కనే తేదీ రాసింది. పగులు వెంట్రుకవాసి కదిలినా గాజు పుటుక్కున విరుగుతుంది. పదకొండు నెలలు గడిచాయి. ఒక వానాకాలం వెళ్ళిపోయింది, ఎండాకాలం వెళ్ళిపోయింది. ఏడు పట్టీల్లో ఒక్కటీ విరగలేదు. ముసలాయన చెవి చెప్పిందే గాజూ చెప్పింది.

ఇంత తెలిసీ ఆమె చేసిన పని వినండి.

ఇలాంటి కట్టడాలకు సాయం చేసే ట్రస్టొకటి బెంగుళూరులో ఉంది. వాళ్ళకు రిపోర్టు పంపాలి. ప్రతి పగులుకూ నంబరు, ఫొటో, కొలత, పక్కన రంగు. పచ్చరంగంటే ఫరవాలేదని, పసుపంటే కనిపెట్టుకుని ఉండాలని, ఎరుపంటే ప్రమాదమని. ఉన్నది ఉన్నట్టు రాస్తే పడమటి గోడ మొత్తం పసుపు. మూడేళ్ళ క్రితం మారేడ్‌పల్లిలోనే ఒక పాత బంగళాకు అనుపమ అలాగే నిజాయితీగా పసుపు రాసి పంపింది. ముందు ఎర్రవి చూస్తాం, మీరు ఆగండి అన్నారు. ఆగుతూ ఉండగానే ఆ బంగళా అపార్టుమెంటైపోయింది. ఆ దెబ్బ ఆమె మర్చిపోలేదు. ఈ పనిలో ఉన్నవాళ్ళు నలుగురు కలిసినప్పుడు నవ్వుతూ చెప్పుకునే మాటే అది, చావుబతుకుల్లో ఉందని రాస్తే తప్ప ఎవడూ కవరు కూడా చింపడని. అందరూ అలాగే రాస్తారు. బతికించడానికే రాస్తారు.

అనుపమ ఏడు పసుపు చుక్కల్నీ ఎరుపు చేసింది. “గోడ ఏ క్షణమైనా కూలవచ్చు” అని కింద ఒక వాక్యం చేర్చింది. ఆ వాక్యం టైపు చేస్తూ బ్రహ్మచారి వింటే తిడతాడని నవ్వుకుంది కూడా. నవ్వుకుందండీ! తలుచుకుంటే ఇప్పుడు ఆమెకే ఒళ్ళు జలదరిస్తుంది.

ఎరుపు పనిచేసింది. మూడు వారాలకే ట్రస్టు నుంచి ఉత్తరం వచ్చింది, సాయం చేస్తాం, పని షురూ చేసుకోండి అని. సలోమి టీచర్ ఆ ఉత్తరాన్ని ఆదివారం అందరికీ చదివి వినిపించి, అనుపమను ముందుకు పిలిచి చప్పట్లు కొట్టించింది. బ్రహ్మచారి అప్పుడే సున్నం నానబెట్టడానికి తొట్టి కట్టించేశాడు. ఎవరి సంతోషం వాళ్ళది.

అయితే మంజూరైన పనికి కమిటీ సంతకం కావాలి. సంతకం కావాలంటే కమిటీ రిపోర్టు చూడాలి. చర్చి వాళ్ళది, అడిగితే ఇవ్వకుండా ఎలా ఉంటుంది? జ్ఞానశేఖర్ ఆ రిపోర్టు ఇంటికి తీసుకెళ్ళి మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివాడు. ఆ వాక్యం దగ్గర ఆగిపోయాడు.

అప్పటికి జూన్ నెల. వానలు మొదలయ్యాయంటే ఊళ్ళో కూలడానికి సిద్ధంగా ఉన్న పాత కట్టడాలెన్నో మున్సిపల్ ఆఫీసువాళ్ళు లెక్కతీసి నోటీసులిస్తారు. జ్ఞానశేఖర్ రిపోర్టు జిరాక్సు తీయించి, పైన ఒక అర్జీ పెట్టి, వాళ్ళ చేతికిచ్చి వచ్చాడు. వారం తిరక్కుండా చర్చి తలుపుకు నోటీసు అంటించారు. ప్రమాదకరమైన కట్టడం కాబట్టి యజమానులు వెంటనే ఖాళీచేసి కూల్చేయాలని. ఆధారం అనే చోట అనుపమ పేరు, రిపోర్టు తేదీ ఉన్నాయి.

అనుపమ నోటీసు చదివింది. తిన్నగా జ్ఞానశేఖర్ దగ్గరికే వెళ్ళింది.

“ఇదేంటి సర్, రిపేర్ కోసం రాసింది కూల్చడానికి ఎలా ఇస్తారు?”

ఆయన కోప్పడలేదు. కుర్చీ వేసి, మంచినీళ్ళు తెప్పించాడు. “మేడమ్, మీరు క్వాలిఫైడ్ పర్సన్. ఏ క్షణమైనా కూలుతుందని మీరే రాశారు. అది చదివాక కూడా నేను పిల్లల్ని దాని కింద కూర్చోబెడితే, రేపేదైనా అయితే దేవుడికి ఏం జవాబు చెప్పను? మీరే చెప్పండి.”

అనుపమ గ్లాసు కింద పెట్టింది. ఆయన అబద్ధం ఆడటం లేదు. అబద్ధం తనది.

శుక్రవారం మున్సిపల్ ఆఫీసుకు వెళ్ళింది. బ్రహ్మచారి కూడా వెంట వచ్చాడు. అక్కడి ఇంజనీరు సత్యదేవ్ నిదానస్తుడు. ఆమె గాజు పట్టీల సంగతి మొత్తం చెప్పింది, ఫోన్లో ఫొటోలు చూపించింది. ఆయన ఓపిగ్గా విన్నాడు. విని, ఒక తెల్ల కాగితం ఆమె ముందుకు జరిపాడు.

“మేడమ్, నేను మీ గోడ చూడలే. మీరు రాసిందే చూసిన. గోడ సేఫ్ అని, ఇంతకుముందు రాసింది కరెక్ట్ కాదని మీరే రాసి సైన్ చేయండి. ఇప్పుడే స్టే పెడ్త. పది నిమిషాల పని.”

పది నిమిషాల పని. అంతే. పెన్ను ఆమె చేతిలోనే ఉంది.

ఇక్కడ ఆమెను వెనకేసుకురావాలని నాకూ ఉంది గానీ, ఎలా వెనకేసుకురాను? ఒక్క ముక్క రాయడానికి ఆమెకు చెయ్యి రాలేదు. కరెక్ట్ కాదని రాస్తే ట్రస్టు ఏమంటుంది? ఇప్పటిదాకా తను రాసిన ముప్పై, నలభై రిపోర్టుల మాటేమిటి? వాటి మీద ఆధారపడి నిలబడ్డ కట్టడాల మాటేమిటి? పైగా ఆ వారమే వానకు పాతబస్తీలో ఒక గోడ కూలిందని పొద్దున పేపర్లో వచ్చింది. తను సేఫ్ అని సంతకం పెట్టాక ఇదీ కూలితే? పదకొండు నెలలు తన చేత్తో తానే పరీక్షించిన గోడను ఆ నిమిషాన ఆమె నమ్మలేకపోయింది. ఏడుచోట్ల ఎరుపు అని రాసీ రాసీ తనకే ఎరుపుగా కనబడింది.

పక్కన కూర్చున్న బ్రహ్మచారి మెల్లగా అన్నాడు. “రాయి బిడ్డా. గోడ మంచిగున్నది. నీకు ఎరికే గద.”

“ఒక్క టెస్ట్ చేసి రాస్తాను సర్,” అంది అనుపమ, సత్యదేవ్‌తో. “నా దగ్గర సైంటిఫిక్‌గా ఉండాలి. మండే మార్నింగ్ తెచ్చిస్తాను.”

“మండే అయితే మండే,” అని ఆయన కాగితం వెనక్కి తీసుకున్నాడు.

మెట్లు దిగేటప్పుడు బ్రహ్మచారి ముందు నడిచాడు. తిట్టినా బాగుండేది.

శనివారం పొద్దున అనుపమ ఆఫీసులో కూర్చుని లెక్కలు కడుతోంది. నిజం చెప్పొద్దూ, గంటలోనే తేలిపోయింది. ఆ గోడ ఇంకో వందేళ్ళు ఉంటుంది. సోమవారందాకా ఎందుకు, ఇప్పుడే రాసేద్దామని కాగితం తీసి, ‘పడమటి గోడకు ఎటువంటి ప్రమాదం లేదు’ అని రాసి సంతకం పెట్టింది. ఆ సంతకం తడి ఆరకముందే ఫోను మోగింది. సలోమి టీచర్.

“అనుపమా, నోటీసు ఇచ్చారు కదా, కూల్చడానికి కమిటీవాళ్ళు మిషను తెప్పించారమ్మా. సామాన్లు బయట పెట్టేస్తున్నారు. నువ్వొకసారి రాగలవా?”

ఎలా వెళ్ళిందో ఆమెకు గుర్తులేదు. సందులోకి కారు పోక మెయిన్ రోడ్డు మీదే వదిలేసి పరిగెత్తింది. అప్పటికే తూర్పు వైపు కప్పు దింపేశారు. బెంచీలు, పాటల పుస్తకాలు, పిల్లల నల్లబోర్డు అన్నీ రోడ్డు మీదున్నాయి. చేతిలోని కాగితం జ్ఞానశేఖర్‌కు చూపించింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. రెండుసార్లు చదివాడు.

“దీని డేట్ ఇవాళ్టిది మేడమ్,” అన్నాడు చివరికి. ఆయన గొంతులో వెటకారం లేదు, అలసట ఉంది. “కప్పు పోయింది. గోడలకూ మిషను పెట్టేశారు. ఇప్పుడిది తెచ్చి నన్నేం చేయమంటారు?”

బ్రహ్మచారి అప్పటికే వచ్చి, ఎదురుగా ఉన్న టీ కొట్టు అరుగు మీద కూర్చున్నాడు. అనుపమ వెళ్ళి పక్కన కూర్చుంది. తక్కిన మూడు గోడలూ పదకొండు లోపలే పోయాయి. తర్వాత మిషను పడమటి గోడ దగ్గరికి వచ్చింది.

అబ్బ, ఆ గోడ ఎంత పోరాడిందో! మిషను కొమ్ము గుచ్చితే జారిపోయింది. తోస్తే మిషనే వెనక్కి జరిగింది. డ్రైవరు దిగి వచ్చి, గోడ చుట్టూ తిరిగి, ఇదేం గోడరా నాయనా అని తల గోక్కున్నాడు. సందులో జనం మూగారు. పన్నెండైంది, ఒంటిగంటైంది. గంటను తాళ్ళు కట్టి దింపారు. రెండో మిషను తెప్పించారు. అటొకటి ఇటొకటి నిలబడి పొడుస్తుంటే, ఒక్కో దెబ్బకూ పక్కన కూర్చున్న ముసలాయన ఒళ్ళు అదిరిపడటం అనుపమకు భుజానికి తగిలి తెలుస్తూనే ఉంది. లేచి వెళ్ళిపోదాం రండి అని రెండుసార్లు అంది. ఆయన కదల్లేదు.

మూడున్నరకు పడింది. రాళ్ళు రాళ్ళుగా విడిపోలేదు. సగం గోడ ఒకే పలకగా, నిలువునా వాలి పడింది. పడ్డాక కూడా సున్నం రాళ్ళను వదల్లేదు. అంత గట్టి కట్టుబడి అనుపమ తన పాతికేళ్ళ చదువులో, పనిలో ఎక్కడా చూడలేదు.

దుమ్ము అణిగాక సలోమి టీచర్ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వాళ్ళ దగ్గరికి వచ్చింది. ఆవిడ మనిషి ఒక్కరోజులో సగమైపోయింది. అనుపమ లేచి నిలబడింది, ఏం చెప్పాలో తెలియకపోయినా చెప్పేద్దామనే లేచింది. కానీ ఆవిడ అడిగింది అనుపమను కాదు.

“చారిగారూ, మీ నోటితో చెప్పండి. నూరేళ్ళ పైన ఉన్న గుడి. మా అమ్మా నాన్నల పెళ్ళి ఇందులోనే జరిగింది. దీన్ని కాపాడతానని నేను నలుగురికీ మాటిచ్చాను. ఆ గోడ నిజంగానే పోయిందా? బాగుపడేది కాదా? అదొక్కటి తెలిస్తే నా మనసు కుదుటపడుతుంది.”

బ్రహ్మచారి తలెత్తి ఆవిడను చూశాడు. తర్వాత అనుపమను చూశాడు. ఆ చూపు ఒక్క క్షణమే. తిట్టే చూపు కాదు. చిన్నపిల్ల కిందపడి దెబ్బ తగిలించుకుంటే చూసే చూపు.

“పోయిందమ్మా,” అన్నాడు. “లోపలంత బోలు. బయటికే గట్టిగ కనపడ్తది. మా తాతనే కట్టిండు గద, ఆయన పని కుదరలే. సున్నం సక్కగ రుబ్బినట్టు లేడు.”

అనుపమ నోరు తెరిచింది.  నిన్న చెయ్యి రానట్టే ఇవాళ నోరూ రాలేదు.

సలోమి టీచర్ గట్టిగా ఊపిరి వదిలింది. ముఖంలో ఏదో ముడి విడిపోయింది. “అయితే దేవుడే కాపాడాడు,” అంది. అనుపమ రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. “రోజూ సాయంత్రం ఆ గోడ పక్కనే పిల్లల్ని కూర్చోబెట్టేదాన్ని తల్లీ. నువ్వు పగుళ్ళు చూసి చెప్పకపోతే ఏమైపోయేవాళ్ళో. నీ రుణం ఎలా తీర్చుకోను?” అని ఏడ్చింది. ఏడుస్తూనే, బెంచీలు వానకు తడుస్తాయని ఎవరో పిలిస్తే అటు వెళ్ళింది.

అనుపమ అరుగు మీద కూలబడింది. ఎదురుగా పడి ఉన్న ఆ పలక మీద పిల్లలెక్కి గంతులేస్తున్నారు. అది చెక్కుచెదరలేదు.

“ఎందుకలా చెప్పారు చారిగారూ? మీ తాతగారిని...”

“ఆమెకు నిద్ర పట్టాలె గద.”

“నేను చెప్పేస్తాను. ఇప్పుడే వెళ్ళి చెప్పేస్తాను, తప్పు నాదేనని.”

“ఏం చెప్తవ్? చెప్తే గోడ లేస్తదా?” ఆయన గొంతు పెంచలేదు. “ఆమె సంఘపోళ్ళతోని కొట్లాడ్తది, సెక్రటరీ సార్‌తోని కొట్లాడ్తది, నిన్ను సుత తిట్టుకుంటది. బతికినన్ని దినాలు మంచి గోడను కూలగొట్టుకున్నమని పరేషాన్ అయితది. వద్దు. మా తాత సచ్చి యాభై ఏండ్లాయె. ఆయనకు తక్లీఫ్ లేదు.”

“మరి మీకు?”

ఆయన అరచేతులు ఒకదానికొకటి రుద్దుకుని దుమ్ము దులుపుకున్నాడు. అప్పుడన్నాడు. “బిడ్డా, ఒక్క మాట. ఇగ నన్ను పనికి పిలువకు. నా పిల్లల లెక్కనే చూసుకున్న నిన్ను, కోపం లేదు. గని రేపు నువ్వు ఇంకో గోడ చూపిచ్చి, ఎట్లున్నది చారిగారూ అంటవ్. నేనేం జెప్పాలె? ఇయ్యాల మంచి గోడను బోలు అన్న నోరు ఇది.”

అనుపమ ఏడ్చింది. వీధిలో, టీ తాగేవాళ్ళందరి ముందూ, ముక్కు తుడుచుకునే ధ్యాస కూడా లేకుండా వెక్కి వెక్కి ఏడ్చింది. ఆయన ఆమె తల మీద ఒకసారి చెయ్యి వేసి తీసేశాడు. తర్వాత లేచి, పని సంచి భుజాన వేసుకున్నాడు. పడిపోయిన గోడ వైపు తిరగకుండా, దాని పక్కనుంచే సందు చివరికి నడిచాడు.

ఆమె వెనకాలే వెళ్ళి, మెయిన్ రోడ్డు మీద కారు తలుపు తీసి పట్టుకుంది. సాయంత్రం పని అయ్యాక ఆయన్ని కాప్రాలో ఇంటి దగ్గర దింపి వెళ్ళడం ఆమెకు పదిహేనేళ్ళ అలవాటు.

“నువ్వు పో బిడ్డా,” అన్నాడు బ్రహ్మచారి. “నేను బస్సుల పోతా.”